నలభై ఐదు సెంట్లు మింగిన ఇల్లు

ఈసారి మిర్చి గురించి కాదు, పత్తి గురించి కాదు. ఇంటి గురించి. కాస్త పెద్ద పోస్టే. ఇల్లు కట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. ఇప్పటికే కట్టేసినవాళ్ళు చదివితే కడుపు మండిద్ది, మీ ఇష్టం.

మొన్న ఆదివారం ఖమ్మం వైపు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాడికి ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. మంచి మాటే, కానీ వాడి గొంతులో సంతోషం లేదు.

"బావా, 600 అడుగులు దాటితే బిల్లు రాదంటన్నారు. నేను 850కి ముగ్గు పోయించా. ఏం చెయ్యమంటావు?"

"ముగ్గు చెరిపేయి" అన్నా.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నువ్వు 1,100లో కట్టుకుని నన్ను 600లో కట్టుకోమంటావా బావా?"

న్యాయమైన ప్రశ్న. ఫోన్లో జవాబు చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ రాస్తన్నా. వాడూ చదువుతాడు, మీరూ చదవండి.

తెలంగాణలో ఈ పథకానికి 5 లక్షలు ఇస్తారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు అని నిబంధన. ఈ 600 నిబంధనను తిట్టనివాడు లేడు. "పేదోడు పెద్ద ఇల్లు కట్టుకుంటే ప్రభుత్వానికి ఏం నొప్పి" అంటారు. నేను మాత్రం ఆ నిబంధన పెట్టినవాళ్ళకు దండం పెడతా. ఎందుకంటే ఇల్లు కట్టేటప్పుడు మనకి "వద్దు, చాలు, ఆపు" అని చెప్పే మనిషి ఒక్కడు కూడా ఉండడు. మేస్త్రి చెప్పడు, వాడికి పని పెరిగిద్ది. కొట్టువాడు చెప్పడు, వాడికి సరుకు పోద్ది. బంధువులు చెప్పరు, వాళ్ళకి చూడ్డానికి బాగుంటది. వడ్డీకి ఇచ్చేవాడు అసలే చెప్పడు. నాకు 2020లో ఎవరన్నా అలా చెప్పి ఉంటే ఇవాళ నా పొలం గట్టు ఉన్నచోటే ఉండేది.

నా లెక్క చెప్తా. సిగ్గుపడి దాచుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు.

2020 కార్తీకంలో ముగ్గు పోశాం. 2021 ఏప్రిల్లో శ్లాబ్ పడింది. 2022 జ్యేష్ఠంలో గృహప్రవేశం. 1,100 చదరపు అడుగులు. మొదట్లో మేస్త్రి నోటితో చెప్పిన అంచనా 15 లక్షలు. "పదిహేనులో తాళంచెవి చేతిలో పెడతా బాబాయ్" అన్నాడు. నోటుబుక్కులో చివరికి తేలింది 23 లక్షల 40 వేలు.

పునాది నుంచి బేస్‌మట్టం దాకా, మట్టి నింపడంతో కలిపి 3,60,000. పిల్లర్లు, గోడలు, లింటెల్ 3,10,000. శ్లాబ్ 3,80,000. ఇంతవరకు 10,50,000. ఇక్కడికి అందరూ "ఇల్లు అయిపోయింది" అంటారు. మేమూ అనుకున్నాం. శ్లాబ్ రోజు మేకపోతును కోసి కూలీలకు భోజనాలు పెట్టాం.

శ్లాబ్ తర్వాతది చూడండి. లోపలా బయటా ప్లాస్టరింగ్ 2,20,000. తలుపులు, కిటికీలు 2,90,000. నేల టైల్స్, గ్రానైట్ 2,40,000. కరెంటు వైరింగ్, నీళ్ళ పైపులు 2,10,000. బాత్రూములు, సెప్టిక్ ట్యాంకు, మోటారు, పైన ట్యాంకు 1,60,000. పుట్టీ, రంగులు 1,10,000. ఇంటి ముందు డిజైను 60,000. మొత్తం 12,90,000.

ఇల్లలకగానే పండగ కాదు అని పెద్దలు ఊరికే అనలేదు. శ్లాబ్ పడేసరికి సగం ఖర్చు కూడా అవ్వలేదు. కానీ చేతిలో డబ్బు మాత్రం మొత్తం అయిపోయింది. అసలు తిప్పలు అక్కడ మొదలవుతాయి.

ఈ భ్రమ మనకే కాదు, ప్రభుత్వానికీ ఉంది. ఇందిరమ్మ ఇంటి డబ్బు నాలుగు విడతలు. బేస్‌మట్టానికి లక్ష, గోడలకు లక్షా పాతిక వేలు, శ్లాబుకు లక్షా డెబ్భై ఐదు వేలు, మొత్తం పూర్తయ్యాక చివరి లక్ష. అంటే శ్లాబ్ దాకా 4 లక్షలు, తర్వాత లక్ష. అదీ పని అయ్యాక. నా లెక్క ప్రకారం శ్లాబ్ తర్వాతే సగానికి పైగా ఖర్చు. తలుపులు, ప్లాస్టరింగ్, నేల, బాత్రూము ఎక్కడి నుంచి తేవాలి? అందుకే ఎన్నో ఊళ్ళలో శ్లాబ్ పడి, ప్లాస్టరింగ్ లేక, కిటికీలకు పట్టాలు కట్టుకుని కాపురం చేస్తన్న ఇళ్ళు కనపడతాయి. కేంద్రం వాళ్ళ గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతానికి ఇచ్చేది 1,20,000. కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు, అంటే వంటచోటుతో కలిపి సుమారు 270 అడుగులు. ఆ డబ్బుతో ఇవాళ మంచి తలుపులు, కిటికీలు కూడా రావు. ఈ విషయంలో ప్రభుత్వాలను తిట్టండి, నేనూ వస్తా. సిమెంటు మీద 28 శాతం పన్ను ఏళ్ళ తరబడి వసూలు చేశారు. 2025 సెప్టెంబరులో గానీ 18కి దించలేదు. అప్పటిదాకా మన నెత్తి మీద కప్పుకి, షావుకారు కారుకి ఒకటే జీఎస్టీ రేటు, కారుకి పైన సెస్సు తప్ప. ఆంధ్రలో 2024 జులై నుంచి ఇసుక ఉచితం అన్నారు. ఇసుక ఉచితమే, లోడింగూ ట్రాక్టరు కిరాయీ ఉచితం కాదు. తిట్టండి. కానీ 600 నిబంధనను తిట్టకండి.

ఇప్పుడు నా నోటుబుక్కులో ఇంకో పేజీ. ఈ పేజీ నేను గృహప్రవేశం అయిన ఏడాదికి, ఒక రాత్రి నిద్ర పట్టక రాశా. పైన పెట్టుకున్న పేరు "వీధి కోసం".

సింహద్వారానికి టేకు చెక్క, చెక్కడం పని 85,000. వేప చెక్కతో మూడో వంతులో అయిపోయేది. ముందు డిజైను 60,000. గ్రానైట్ మెట్లు, అరుగు 45,000. పై అంతస్తు వేస్తామని పునాదులు, పిల్లర్లు లావు చెయ్యడానికి, మెట్లకు అదనంగా అయింది 1,10,000. లింటెల్ లేచాక వాస్తు ఆయన వచ్చి చూసి పగలగొట్టించినవి 40,000. ఇవన్నీ పైన చెప్పిన 23 లక్షల 40 వేలల్లోవే. దానికి బయట గృహప్రవేశం భోజనాలు, బట్టలు 1,40,000. మొత్తం 4,80,000.

ఆ ఏడాదే నేను అమ్మిన పొలం 45 సెంట్లు. ఎకరా 11 లక్షల చొప్పున వచ్చింది 4,95,000.

రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూశా. నేను పొలం అమ్మింది ఇంటి కోసం అనుకున్నా అప్పటిదాకా. కాదు. వీధి కోసం అమ్మా. వీధిలో పోయేవాడు తలెత్తి ఒక్కసారి "బాగా కట్టాడ్రా" అనడం కోసం అమ్మా. ఆ మాట కూడా గృహప్రవేశం నాడు ఒక్కరోజే అన్నారు. ఇప్పుడు ఎవరూ తలెత్తి చూడరు. మా వీధిలో నా ఇంటికన్నా పెద్దవి రెండు లేచాయి.

పై అంతస్తు ఇప్పటికీ లేదు. ఇక రాదు కూడా. శ్లాబ్ పైన పిల్లర్ల చువ్వలు మాత్రం ఆకాశంలోకి చూస్తా తుప్పు పడుతున్నాయి. మీ ఊళ్ళో కూడా చూడండి, సగం ఇళ్ళ మీద ఇవే ఉంటాయి. కొడుకు కట్టుకుంటాడని తండ్రి వదిలిన చువ్వలు. కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో అద్దెకుంటాడు, సంక్రాంతికి వచ్చి మూడు రోజులుంటాడు. ఆ మూడు రోజుల కోసం మనం 362 రోజులు వడ్డీ కడతాం.

వడ్డీ అన్నా కదా, అదీ చెప్తా. మన ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటి జాగా, కాయితం ఉండదు. కాయితం లేదంటే బ్యాంకువాడు ఇంటి లోను ఇవ్వడు. కేంద్రం 2020లో స్వామిత్వ అని గ్రామకంఠం ఇళ్ళకు డ్రోన్లతో కొలిచి కార్డులిచ్చే పథకం పెట్టింది, కానీ నేను మొదలెట్టేనాటికి నా చేతిలో ఏమీ లేదు. నేనూ ఆగలేదు. ముహూర్తం దాటిపోద్దని తొందర.

ధైర్యం ఏందంటే మిర్చి. 2021లో వేసిన మిర్చి మీద వచ్చేదాంతో మిగతా సగం లాగేద్దాం అనుకున్నా. ఆ ఏడు ఏమైందో మిర్చి రైతులకు చెప్పక్కర్లేదు. నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాల్చేసింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం అంతా ఏడుపే. మందుల కొట్టు బాకీ కూడా తీరలేదు. అటు చూస్తే శ్లాబ్ పడిన ఇల్లు, ఇటు చూస్తే ఎండిన చేను. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చా. అంటే నెలకి 10,000. ఏడాదికి 1,20,000. బ్యాంకు ఇంటి లోను అయితే వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు. అదీ చాలక ఎగువ మడి పక్కనున్న 45 సెంట్లు అమ్మా. మిగతాది అబ్బాయి పంపింది, మా ఆవిడ డ్వాక్రా లోను, రెండు పాడి గేదెలు.

ఇక్కడ నేను గట్టిగా ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. రైతు ఇల్లు పండని పొలం. దానికి ఏటా పెట్టుబడి ఉంటది, దిగుబడి ఉండదు. ఉద్యోగస్తుడికి నెల నెలా జీతం వచ్చిద్ది, వాయిదా కట్టుకుంటాడు. మనకి జీతం లేదు, వాన ఉంది. రాబోయే పంటను లెక్కలోకి తీసుకుని ఇల్లు కట్టకూడదు. చేతిలో ఉన్న పంటతో ఎంత అయితే అంతే కట్టాలి. పొలం అమ్మి ఇల్లు కట్టడం అంటే ఎద్దుని అమ్మి కొమ్ములకు తొడుగులు కొన్నట్టు.

సరే, పెద్ద ఇల్లు కట్టాం. గట్టిగా అన్నా కట్టామా? అక్కడా లేదు. కనపడేదానికి లక్షలు పోసి, కనపడనిదాని దగ్గర వందలకి బేరం ఆడతాం.

పునాది సంగతి చూడండి. మనది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిచ్చిద్ది, వానకి ఉబ్బిద్ది. ఇది మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు, ఏ ఇంజినీరూ చెప్పక్కర్లేదు. చేలో తెలిసిన మనిషికి ఇంటి దగ్గర తెలియదా? మా వెనక వీధిలో ఒకాయన నెర్రెలు దిగే లోతు దాటకుండానే, గట్టి నేల తగలకుండానే పునాది వేశాడు. ప్లింత్ బీము వద్దన్నాడు. తవ్విన నల్లమట్టినే మళ్ళీ బేస్‌మట్టంలో నింపాడు. 60 వేలు మిగిలాయని సంతోషపడ్డాడు. రెండో ఎండాకాలానికి పడకగది గోడ మూల నుంచి మూలకి చీలింది. ఇప్పుడు ఆ చీలిక మీద ఏటా రంగేస్తాడు. రంగుకి గోడ ఆగిద్దా? గట్టి నేలదాకా తవ్వండి, అడుగున పట్టీలాగా చుట్టూ బీము వెయ్యండి, లోపల గ్రావెల్ నింపి నీళ్ళుపోసి దిమ్మిస కొట్టించండి, వాననీళ్ళు గోడ పక్కన నిలవకుండా వాలు పెట్టండి. పునాది ఎవరికీ కనపడదు, ఎవరూ మెచ్చుకోరు. కానీ నిద్రపోయేది దాని మీదే.

ఇనుము సంగతి. మిర్చి యార్డుకి బస్తాలు తీసుకుపోతే కాటా దగ్గర కన్నార్పకుండా నిలబడతాం. కిలో తేడా వస్తే గొడవ పడతాం. అదే మనిషి ఇనుము కొట్టుకాడ "రెండు టన్నులు తోలించండి" అని చెప్పి ఇంటికొచ్చేస్తాడు. చువ్వల బరువుకి లెక్క ఉంది. 12 మీటర్ల చువ్వ 8 ఎం.ఎం. అయితే సుమారు 4.7 కిలోలు, 10 అయితే 7.4, 12 అయితే 10.6, 16 అయితే 19 కిలోలు. కొంచెం అటూ ఇటూ ఉంటది. చువ్వలు లెక్కపెట్టి హెచ్చవేస్తే సరుకు ఎంతో తెలిసిపోద్ది. ఐదు నిమిషాల పని. ఇంటర్ చదివిన నాకు ఈ లెక్క ఇల్లయ్యాక తెలిసింది, అదీ మా అబ్బాయి చెబితే.

నీళ్ళ సంగతి. కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ పోస్తే పని తేలిక, జారిపోద్ది, కూలీలకి చెయ్యి నొప్పి ఉండదు. కానీ ఎక్కువ నీళ్ళు కాంక్రీటుకి విషం. 50 కిలోల బస్తాకి 25 లీటర్లు, కాస్త అటూ ఇటూ, అంతే. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. శ్లాబ్ రోజు యజమాని భోజనాల దగ్గర ఉంటాడు. ఉండాల్సింది మిల్లరు దగ్గర. తాగడానికి పనికిరాని ఉప్పునీళ్ళు శ్లాబుకి కూడా పనికిరావు, లోపల ఇనుము తినేస్తాయి.

తర్వాత తడపడం. కాంక్రీటుకి ఐఎస్ 456 అని ఒక ప్రమాణం ఉంది. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, మనం ఎక్కువగా వాడే పీపీసీ లాంటి కలిపిన సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, ఎండలు ముదిరినా 10కి తగ్గకూడదు, కలిపిన సిమెంటుకి 14 దాకా పొడిగిస్తే మంచిదని అందులో ఉంది. నేనేం చేశానో చెప్తా. ఏప్రిల్లో శ్లాబ్. పైన మడికట్లు కట్టి నీళ్ళు నిలబెట్టా, వరి మడిలాగే ఉంది. నాలుగో రోజు మిర్చి అమ్మకానికి యార్డుకి పోయా, రెండు రోజులు అక్కడే. ఇంట్లో చెప్పిపోయా, కానీ పగలు కరెంటు లేదు, మోటారు తిరగలేదు. వచ్చేసరికి మెట్ల మూల బీటలు. ఇవాళ్టికీ వానొస్తే అక్కడ చెమ్మ దిగిద్ది. నారుమడి రెండు రోజులు ఎండితే అల్లాడిపోయే రైతుని, నాలుగు లక్షల శ్లాబుని ఎండబెట్టా. ఇందులో మేస్త్రి తప్పు లేదు, సిమెంటు తప్పు లేదు. నాదే.

మేస్త్రులను అందరూ దొంగలంటారు. నేను అనను. మా మేస్త్రితో నేను ఒప్పందం చేసుకుంది టీ కొట్టు దగ్గర, నోటి మాట. సెంట్రింగ్ సామాను ఎవరిది, సన్‌షేడ్లు కొలతలోకి వస్తాయా రావా, మెట్లు ఎలా లెక్క, పిట్టగోడ వేరే రేటా, నీళ్ళు ఎవరు పట్టాలి, ఏదీ మాట్లాడుకోలేదు. పని మధ్యలో ఒక్కొక్కటీ బయటకొచ్చింది, ఒక్కొక్కదానికీ గొడవ. వాడి లెక్కలో వాడిది న్యాయం, నా లెక్కలో నాది న్యాయం. కాయితం ఉంటే ఇద్దరికీ ఒకటే న్యాయం ఉండేది. కౌలుకిచ్చేటప్పుడు కూడా ఇద్దరు పెద్దమనుషుల ముందు మాట్లాడుకుంటాం. ఇంటికి ఎందుకు మాట్లాడుకోం? రేటు చివర పది రూపాయలు తగ్గించామన్న గర్వం తప్ప.

వాస్తు గురించి రెండు ముక్కలు. నమ్మేవాళ్ళు నమ్మండి, నేను వద్దనను. కానీ అడిగేదేదో ముగ్గు పోసే ముందు అడగండి, ఒక్కరినే అడగండి. లింటెల్ లేచాక ఇంకో ఆయన్ని పిలిచి చూపించొద్దు. రెండో ఆయన వచ్చాడంటే మొదటి ఆయన చెప్పింది తప్పని తేల్చడానికే వస్తాడు. నాకు 40 వేలు పోయింది అందుకే.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద తప్పు. ఇల్లు ఎవరి కోసం కడుతున్నానో వాళ్ళని అడగలేదు. ప్లాను టౌనులో మా బంధువు ఇంటిది తెచ్చి చూపించా. హాలు 20 అడుగులు, దేవుడి గది, రెండు పడకగదులు, రెండు బాత్రూములు. వంటగదికి మిగిలింది 7 అడుగులు, 8 అడుగులు. మా ఆవిడ ఒక్కసారి అంది, "ఇద్దరం నిలబడితే తిరగడానికి ఉండదు" అని. "గ్యాస్ పొయ్యే కదా, ఎంత చోటు కావాలి" అన్నా. ముప్ఫై ఏళ్ళు వంట చేసిన మనిషికి నేను వంటగది గురించి చెప్పా. ఇవాళ ఆవిడ వంట చేసేది ఎక్కడో తెలుసా? వెనక పాత వంటపాకలో. 23 లక్షల ఇంట్లో అన్నం వండరు.

ఇంకోటి. రైతు ఇంట్లో పంట పెట్టడానికి చోటు లేదు. పత్తి తీసి ఇంటికి తెస్తే హాల్లో పోశాం, టైల్స్ మీద. ఎరువుల బస్తాలు దేవుడి గది పక్కన. మందుకొట్టే ట్యాంకు బాత్రూములో. టౌను మనిషి ప్లానుని రైతు మనిషి కట్టుకుంటే అట్లే ఉంటది. మా నాన్న నాటి ఇల్లు నాపరాళ్ళ నేల, పెంకులు, రెండే గదులు. కానీ వసారా ఉండేది, కొట్టుగది ఉండేది, పశువుల చావిడి ఉండేది. ఎవడన్నా వస్తే అరుగు మీద కూర్చునేవాడు. ఆ ఇల్లు పగలగొట్టి ఇది కట్టా. దాని నాపరాళ్ళు ఇప్పుడు దొడ్లో కుప్పగా ఉన్నాయి, వాటి మీద బట్టలు ఉతుకుతన్నాం.

మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "పిల్లాడికి పెళ్ళి సంబంధం రావాలంటే ఇల్లు చూస్తారు కదా?" నిజమే. రైతు కొడుక్కి పిల్లనివ్వడానికి ఇవాళ వంద ఆలోచిస్తున్నారు. ఈ మాటని నేను కొట్టిపారేయలేను. నేను కూడా సగం దానికే కట్టా. పోయినేడు ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. ఇల్లు చూశారు, బాగుందన్నారు, టీ తాగారు. పిల్ల తండ్రి నన్ను పక్కకి పిలిచి అడిగింది రెండే ప్రశ్నలు. "పొలం ఎంత ఉంది బావగారూ? అప్పులేమన్నా ఉన్నయ్యా?" ఇల్లు కట్టక ముందైతే ఆ రెండిటికీ నా దగ్గర మంచి జవాబు ఉండేది. ఆ సంబంధం కుదరలేదు. ఇల్లు చిన్నదని ఎవరూ వెనక్కి పోలేదు.

ఇంకో ప్రశ్న. "జీవితంలో ఒక్కసారే కడతాం కదా, బాగా కట్టుకోవద్దా?" బాగా కట్టుకోండి. బాగా అంటే పెద్దగా అని ఎవరు చెప్పారు? 600 అడుగుల్లో గట్టి పునాది, మంచి గాలి, పెద్ద వంటగది, చిన్న కొట్టుగది, ముందు వసారా పట్టవా? పడతాయి. ఇద్దరు ముసలోళ్ళు ఊడ్చుకోగలరు కూడా. 1,100 అడుగులు ఊడ్చేసరికి మా ఆవిడ నడుం పట్టేస్తంది, అది ఏ ఇంజినీరూ అంచనాలో వెయ్యడు. ఒక్కసారే కడతాం కాబట్టే ఒక్కసారి తప్పు చేస్తే సరిదిద్దుకోలేం. పంట పోతే వచ్చే ఏడు ఇంకో పంట ఉంటది. ఇంటికి వచ్చే ఏడు లేదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. మనం ఆ మాటని పందెం అనుకున్నాం. అది హెచ్చరిక.

మా బావమరిదికి, మీకూ, నా మాటలు ఇవి:

ఒకటి. జాగా కాయితం సరిచేసుకున్నాకే ముగ్గు పోయండి. ముహూర్తం మళ్ళీ వస్తది.

రెండు. చేతిలో ఉన్న డబ్బుని రెండుగా విడదీయండి. ఒక సగం శ్లాబ్ దాకా, రెండో సగం శ్లాబ్ తర్వాత. మొదటి సగంలో ఎన్ని అడుగులకు శ్లాబ్ పడిద్దో అదే మీ ఇల్లు. రాబోయే పంటని లెక్కలో వెయ్యొద్దు.

మూడు. వంటగది ఎక్కడ, ఎంత అన్నది ఇంట్లో ఆడవాళ్ళు చెప్పాలి. ముగ్గు మీద వాళ్ళని నిలబెట్టి, అటూ ఇటూ తిరిగి చూడమనండి. ముగ్గు చెరపడానికి ఖర్చు లేదు, గోడ చెరపడానికి ఉంది.

నాలుగు. మేస్త్రితో మాట్లాడుకున్నది కాయితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. డబ్బు పని విడతల ప్రకారం ఇవ్వండి. చివరి విడత ఒక వానాకాలం చూశాక ఇస్తానని ముందే చెప్పండి.

ఐదు. ఇనుము లెక్కపెట్టండి, నీళ్ళు కొలవండి, తడిపే రోజులు ఊరు దాటకండి.

ఆరు. పై అంతస్తు కడతామని కాయితం మీద రాసి డబ్బు చూపించే కొడుకు ఉంటేనే చువ్వలు వదలండి.

ఏడు. పొలం అమ్మొద్దు. ఇల్లు సగంలో ఆగినా పర్లేదు, పొలం అమ్మొద్దు. ఆగిన ఇల్లు మళ్ళీ మొదలవుద్ది. అమ్మిన సెంటు మళ్ళీ రాదు.

నేను అమ్మిన 45 సెంట్లలో ఈ ఏడు కొన్నాయన పత్తి వేశాడు. బాగా కాసింది. రోజూ పొద్దున్నే చేనుకి పోవాలంటే దాని గట్టు మీద నుంచే పోవాలి. అప్పు ఇంకా 3 లక్షలు ఉంది.

నిన్న సాయంత్రం బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. 850 ముగ్గు ఇంకా చెరపలేదంట. ఆలోచిస్తన్నా బావా అన్నాడు. ఆలోచించు, సున్నమే కదా, ఇంకా ఇటుక పడలేదు అన్నా.

నా నోటుబుక్కు ఎవరికన్నా చూడాలనిపిస్తే ఇంటికి రండి, పేజీ పేజీ చూపిస్తా. టీ ఇస్తాం. వెనక వంటపాకలో పెట్టిన టీ.